మంచు లేని వాళ్లు రాసిన మంచు ఆట

మన భాషకి మంచుతో పెద్ద పని లేదు. పుష్యమాసంలో తెల్లవారుజామున కొండపల్లి గుట్టల మీద పరుచుకునే పొగనీ మంచే అంటాం, గడ్డిపరక మీద నిలిచిన నీటిబొట్టునీ మంచే అంటాం, హిమాలయాల మీద అడుగులకొద్దీ పేరుకున్న దానినీ మంచే అంటాం. మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండకి తారు రోడ్డు మెత్తబడే మైలవరంలో ఆ మూడో రకం మంచు గురించి ఎవరికి మాత్రం బెంగ? అటువంటి ఊరి కాలేజీ సావనీరులో స్కీయింగు మీద వ్యాసమేమిటని సంపాదకవర్గం వారు ముఖం చిట్లించినా తప్పు లేదు. అయితే ఆ ఆట చరిత్రలో మన బోటి వాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటి వుంది. మంచుకొండల మీద నుంచి చెక్కపలకలు కాళ్లకి కట్టుకుని జారే పందేలకి ఈనాడు ప్రపంచమంతా పాటించే నిబంధనలు రాసినది స్విట్జర్లాండు వారు కాదు, ఆస్ట్రియా వారు కాదు. ఏడాదిలో నాలుగు రోజులు సరిగ్గా మంచు నిలిస్తే గొప్ప అనుకునే ఇంగ్లండు వారు.

ఇందులో ముఖ్యపాత్రధారి మద్రాసులో పుట్టాడంటే మీరు నమ్మకపోవచ్చు. ఆయన పేరు ఆర్నాల్డ్ లన్. 1888 ఏప్రిల్ 18న మద్రాసులో పుట్టాడు. అప్పటికి మన కృష్ణాజిల్లా కూడా మద్రాసు రాజధానిలోనిదే. తండ్రి హెన్రీ లన్ మెథడిస్టు మిషను తరపున వైద్యం చేయడానికి 1887లో ఈ దేశం వచ్చాడు. ఏడాది తిరక్కుండానే ఆరోగ్యం చెడి వెళ్లిపోయాడు. వెళ్లినవాడు ఊరుకోలేదు. ఇండియాలో మిషనరీలు దొరల్లా బతుకుతున్నారు, ఆ దర్జా వల్ల జనానికి దూరమవుతున్నారని పత్రికలకెక్కాడు. అది పెద్ద రభసయింది. ఆఖరికి ఆ మిషనుతో తెగతెంపులు చేసుకున్నాడు. 1892లో చర్చి శాఖలన్నీ ఏకం కావాలని స్విట్జర్లాండులోని గ్రిండెల్వాల్డులో సభలు పెట్టాడు. చర్చిలు ఏకం కాలేదు గాని, సభలకి జనాన్ని తీసుకెళ్లి తీసుకురావడంలో మంచి వ్యాపారం వుందని ఆయనకి తెలిసింది. ఆ విధంగా ప్రయాణాల కంపెనీ పుట్టింది. మిషనరీల దర్జాని దుయ్యబట్టిన ఈ పెద్దమనిషే 1900ల మొదట్లో పబ్లిక్ స్కూల్స్ ఆల్పైన్ స్పోర్ట్స్ క్లబ్ అని ఒకటి స్థాపించాడు. పబ్లిక్ స్కూలంటే మన సర్కారు బడి అనుకునేరు. ఈటన్, హారో వంటి శ్రీమంతుల బడులు. అటువంటి బడుల్లోనో, పేరుగల విశ్వవిద్యాలయంలోనో చదివిన వారికీ, వారి కుటుంబాలకే అందులో చోటు. మంచి మంచి హోటళ్లు శీతకాలం పొడవునా ఆ క్లబ్బు పేరిటే బుక్ అయ్యేవి. ఇతరులు డబ్బిస్తామన్నా గది దొరికేది కాదు. అంతకుముందు చలికాలమంతా తలుపులు మూసుకునే మ్యూరెన్ అనే కొండ ఊరికి 1910–11 శీతకాలంలో మొదటిసారిగా రైలు నడిపించినది కూడా ఈ హెన్రీ లన్ గారే.

ఆయన కంటే ముందు మరొక డాక్టరు వున్నాడు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డాయిల్. భార్యకి క్షయ సోకితే మంచి గాలి కోసం దావోస్ చేరాడు. 1894 మార్చిలో అక్కడి బ్రాంగర్ సోదరులతో కలిసి స్కీల మీద కొండ దాటి ఆరోసా చేరుకున్నాడు. ఆ అన్నదమ్ములు ముందు సంవత్సరమే ఆ దారి దాటి వున్నారు. అయినా లోకానికి జ్ఞాపకం వున్నది డాయిల్ దాటడమే. కారణం చిన్నది. ఆయన తిరిగి వచ్చి స్ట్రాండ్ పత్రికలో వ్యాసం రాశాడు, వాళ్లు రాయలేదు.

ఈ సంగతి పట్టుకోండి, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1903 మే 6న లండన్‌లోని కేఫ్ రాయల్ హోటల్లో కొందరు కూడి గ్రేట్ బ్రిటన్ స్కీ క్లబ్బు స్థాపించారు. మే నెల, హోటలు గది, చుట్టుపక్కల మంచు అనేది లేదు. క్లబ్బుకి కావలసింది మంచు కాదు గదా, మినిట్స్ బుక్కు! ఎవరికి ఎంత వచ్చునో తేల్చడానికి పరీక్షలు పెట్టారు, పుస్తకాలు అచ్చు వేశారు. 1907లో స్కాట్లండు వారు తమకి వేరే క్లబ్బు పెట్టుకున్నారు.

ఇక కొడుకు కథ. 1911 జనవరి 7న మోంటానా దగ్గర ఆర్నాల్డ్ లన్ ఒక పందెం పెట్టించాడు. ముందు రోజు కొండ పైకి నడిచి గుడిసెలో పడుకోవాలి, తెల్లారి హిమానీనదం దాటుకుని కిందికి దిగాలి. ఎవరు ముందు చేరితే వారిదే కప్పు. ఆ కప్పు పేరు రాబర్ట్స్ ఆఫ్ కాందహార్ కప్పు. అవును, ఆఫ్ఘనిస్తానంలోని కాందహారే. 1880లో భారత సైన్యాన్ని వెంటబెట్టుకుని కాబూల్ నుంచి కాందహారుకి నడిపించిన జనరల్ రాబర్ట్స్, ఆ తరువాత 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి సర్వసేనాని. ఆయన లార్డయినప్పుడు కాందహార్ పేరు బిరుదుగా తగిలించుకున్నాడు. క్లబ్బు వారు మంచి పేరు గల పెద్దమనిషిని అడిగి కప్పు పుచ్చుకున్నారు. అలా ఎండకి మాడే ఊరి పేరు ఆల్ప్స్ మంచు మీద స్థిరపడింది. 1924లో మ్యూరెన్‌లో పుట్టిన కాందహార్ స్కీ క్లబ్బూ, 1928లో ఆస్ట్రియాలో సెయింట్ ఆంటన్ దగ్గర మొదలైన ఆర్ల్‌బర్గ్–కాందహార్ పందెమూ ఆ పేరువే. సామ్రాజ్యం ఎక్కడెక్కడి ధూళిని ఎక్కడికి మోసుకుపోయిందో చూడండి.

ఆ పందెం పెట్టేనాటికి ఆర్నాల్డ్ లన్ కుంటివాడు. 1909లో వేల్సులో కాదర్ ఇద్రిస్ కొండ ఎక్కుతూ జారి పడ్డాడు. కాలు నుజ్జయింది, అతుక్కున్నాక రెండో కాలి కంటే పొట్టిగా మిగిలింది, పుండు ఏళ్ల తరబడి మానలేదు. ఆ కాలితోనే జీవితాంతం స్కీయింగు చేశాడు. 1922 జనవరిలో మ్యూరెన్‌లో ఆయన పెట్టిన పోటీలో వాలు మీద జెండా కర్రలు జతలు జతలుగా నాటారు. ఆ జతల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ దిగాలి. అంతకుముందు ఇటువంటి పోటీల్లో వంపు తిరగడంలో అందం ఎంత, ఒడుపు ఎంత అని న్యాయనిర్ణేతలు మార్కులు వేసేవారు. అందం సంగతి నాకొద్దు, గడియారం చెప్పినదే తీర్పు అన్నాడు లన్. నేటి స్లాలమ్ పందెం అక్కడ పుట్టింది.

ఇక్కడ నార్వే వారు కోపగించుకుంటే వారి కోపం న్యాయమైనదే. స్కీ వారిది, స్లాలమ్ అన్న మాట కూడా వారిదే. ఆస్ట్రియాలో జ్డార్‌స్కీ అనే ఆయన 1905లోనే గుర్తుకర్రల మధ్య పోటీ నడిపించాడు. మరి పేరు లన్‌కి ఎందుకు వచ్చింది? ఆయన బ్రిటిష్ స్కీ ఇయర్ బుక్ అనే వార్షిక సంచికకి దశాబ్దాల పాటు సంపాదకుడు. పందెం ఎక్కడ జరిగింది, కర్రలు ఎలా పాతారు, ఎవరు ఎన్ని సెకండ్లలో దిగారు, ఏ నియమం బెడిసికొట్టింది, మరుసటి ఏడు ఏమి మార్చాలి, ఇవన్నీ సంవత్సరం సంవత్సరం అచ్చులో పెట్టాడు. కాదన్న వారితో ఆ పేజీల్లోనే తగాదా పడ్డాడు. అంతర్జాతీయ సమాఖ్యలో నార్వే వారు కొండ దిగడం కూడా ఒక పందెమేనా అని ఈసడిస్తే ఏళ్ల తరబడి ఉత్తరాలు, తీర్మానాలు, వాదనలు. 1930లో ఓస్లో సభలో వారే ఒప్పుకున్నారు. 1931లో మ్యూరెన్‌లో మొదటి ప్రపంచ పోటీలు. 1936లో ఒలింపిక్ క్రీడల్లోకి ప్రవేశం. నా దృష్టిలో ఆ ఆటని నిలబెట్టినది లన్ గారి కుంటికాలు కాదు, ఆ వార్షిక సంచిక. సావనీరులో రాస్తున్నాను గనక ఇలా అంటున్నానని అనుకోకండి.

ఆడవాళ్ల విషయంలో ఆ క్లబ్బు వారిని మెచ్చుకోక తప్పదు. 1923లో మ్యూరెన్‌లోనే స్త్రీలు తమకంటూ ఒక స్కీ క్లబ్బు పెట్టుకున్నారు. 1928లో షిల్ట్‌హార్న్ శిఖరం నుంచి లోయ దాకా ఇన్‌ఫెర్నో అనే పందెం జరిగింది. పదిహేడు మంది దిగితే అందులో నలుగురు స్త్రీలు. డోరీన్ ఎలియట్ అనే ఆమె మగవాళ్లనెందరినో వెనక్కి నెట్టి నాలుగోదిగా వచ్చింది. 1931 ప్రపంచ పోటీల్లో మొదటి ఏడాదే స్త్రీలకీ పందేలు పెట్టారు. ఎస్మే మెకినన్ అనే బ్రిటిష్ అమ్మాయి స్లాలమూ, డౌన్‌హిల్లూ రెండూ గెలిచింది. మన కబడ్డీని ఆసియా క్రీడల్లో 1990లో చేర్చారు. ఆడపిల్లల కబడ్డీ చేరడానికి 2010 దాకా ఆగవలసి వచ్చింది. ఇరవై ఏళ్లు! ఈలోగా ఎంతమంది ఆడపిల్లలు ఆట మానేసి సంసారాల్లో పడిపోయారో లెక్క కట్టినవారు లేరు.

ఇంతవరకు చెప్పినదంతా రాసుకున్నవాళ్ల చరిత్ర. రాసుకోని వాళ్ల సంగతి చూద్దాం.

ఇంగ్లండు ఉత్తరాన పెన్నైన్ కొండల్లో ఆల్‌స్టన్, వేర్‌డేల్ ప్రాంతాల్లో సీసపు గనులు వుండేవి. పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడి గని కూలీలు మంచు పడిన రోజుల్లో చెక్కలు కాళ్లకి కట్టుకుని గనికి పోయేవారు. అంటే కేఫ్ రాయల్‌లో క్లబ్బు పుట్టక ముందే ఇంగ్లండులో స్కీయింగు వుంది. వాళ్లకి అది పనికి వెళ్లే దారి. అందుకని వారికి కప్పు లేదు, క్లబ్బు లేదు, వారి పేర్లు లేవు. ఆట ఎవరు మొదలుపెట్టారన్న ప్రశ్న వచ్చినప్పుడు హోటళ్లలో దిగినవారి జాబితాయే జవాబు అవుతుంది.

ఇంకొక ఉదాహరణ మన డెల్టా వాళ్లకి బాగా అర్థమవుతుంది. కేంబ్రిడ్జి చుట్టుపట్ల ఫెన్స్ అనే పల్లపు నేల వుంది. పదిహేడో శతాబ్దంలో వెర్ముయిడెన్ అనే డచ్చి ఇంజనీరు పర్యవేక్షణలో కాలువలు తవ్వి, మురుగునీరు తోడి, సాగులోకి తెచ్చిన భూమి. కనుచూపుమేర చదును, కట్టలు, కాలువలు. మనవాళ్లు చూస్తే బందరు కాలువ కింది పొలాలు కాబోలు అనుకుంటారు. చలికాలంలో నీరు నిలిచిన పచ్చికబయళ్లు గడ్డకడితే పొలం పని ఆగిపోతుంది, కూలి ఆగిపోతుంది. మన వైపు వరదొచ్చి పని ఆగితే కూలివాడు చూరు కింద కూర్చుని ఆకాశం చూస్తాడు. అక్కడివాడు ఇనుప స్కేట్లు కట్టుకుని పందేనికి దిగేవాడు. గెలిస్తే మాంసమో, పిండి బస్తానో బహుమతి. ఆకలి తీర్చే కప్పు అది. 1850ల్లో ‘టర్కీ’ స్మార్ట్ అనే కూలివాడు ఆ నేల మీద మేటి. పందేలు చూడటానికి వేలమంది వచ్చేవారు. 1879లో కేంబ్రిడ్జిలో జాతీయ స్కేటింగ్ సంఘం ఏర్పడింది. మంచిదే, గడియారాలూ కొలతలూ వచ్చాయి. వాటితోపాటే ‘అమెచ్యూర్’, ‘ప్రొఫెషనల్’ అన్న గోడ కూడా వచ్చింది. డబ్బు కోసం పరుగెత్తినవాడు ఒకవైపు, సరదాకి పరుగెత్తేవాడు ఒకవైపు. కూలి మనిషి ఎటువైపు పడతాడో చెప్పనక్కరలేదు.

దాని పక్కనే మరో ముచ్చట. అదే ఫెన్స్‌లో బరీ ఫెన్ అనే చోట వంకర కర్రలతో, బంతితో మంచుగడ్డ మీద బాండీ అనే ఆట ఆడేవారు. చార్లెస్ టెబ్బట్ అనే ఆ ఊరి ఆటగాడు నియమాలు రాసి అచ్చు వేయించాడు. ఆట హాలండుకీ స్వీడనుకీ పాకింది. ఈనాటికీ స్వీడనులో వేలమంది బాండీ ఆడతారు. పల్లెటూరి ఆట పల్లెటూళ్లోనే చావాలని లేదు, ఊళ్లో ఒక్కడు కాగితం మీద పెడితే చాలు.

అలాగని రాయడమే సర్వం అంటే అతిశయోక్తి అవుతుంది. స్లాలమ్ కనిపెట్టిన బ్రిటన్‌కి ప్రపంచ కప్పు స్కీ పందేల్లో మొదటి గెలుపు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2022 జనవరి 22న, ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్‌లో, స్లాలమ్‌లోనే. మ్యూరెన్‌లో లన్ కర్రలు పాతిన నూరేళ్లకి సరిగ్గా అదే జనవరి. గెలిచినవాడు డేవ్ రైడింగ్, అప్పటికి ముప్పయి అయిదేళ్లు. అతను ఆట నేర్చింది ఆల్ప్స్ హోటళ్లలో కాదు. లాంకషైర్‌లో పెండిల్ అనే చోట, మంచు బదులు ప్లాస్టిక్ చాప పరిచిన వాలు మీద. ఈ ముక్క చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

మనకి ప్లాస్టిక్ చాప కూడా లేదు అంటారా? శివ కేశవన్ హిమాలయాల్లో రోడ్ల మీద చక్రాల బండి మీద పడుకుని జారుతూ లూజ్ సాధన చేశాడు. 1998 నుంచి 2018 దాకా ఆరు శీతకాల ఒలింపిక్ క్రీడల్లో మన దేశం తరపున దిగాడు. తండ్రి కేరళ మనిషి. మన హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా చక్రాల స్కేట్ల మీద విన్యాసాలు చేసి 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు. తెలంగాణ అమ్మాయి తాళ్లూరి నయనశ్రీ 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతకాల క్రీడల్లో మంచుగడ్డ మీద స్కేటింగులో బంగారు పతకం గెలిచింది. ఎండ దేశమనేది సాకుగా చెల్లే రోజులు పోయాయి.

మళ్లీ మన ఊరి విషయానికి వస్తాను. చెడుగుడు మన ఆట. అయినా సర్టిఫికెట్ మీద కబడ్డీ అని పడుతుంది. ఎందుకని? 1923లో బరోడాలో హింద్ విజయ్ జింఖానా వారు నియమాలు అచ్చువేసి పోటీ పెట్టారు. 1936లో బెర్లిన్‌లో అమరావతి వ్యాయామ మండలి వారు ఆడి చూపించారు. అమరావతి అంటే మహారాష్ట్ర అమరావతి, మన కృష్ణ ఒడ్డుది కాదు! ఎవరు కాగితం మీద పెట్టారో వారి పేరు నిలిచింది. దీనికి మరాఠీ సోదరులని తప్పుపట్టి ప్రయోజనం లేదు. మనవాళ్లు ఆ రోజుల్లో దేన్నీ రాయలేదని కూడా కాదు. ఈ మైలవరం రాజావారి అండతో నడిచిన నాటక సమాజం పేరు తెలుగు నాటక చరిత్రలో చెక్కుచెదరకుండా వుంది. నాటకానికి కరపత్రం వుంది, పాత్రధారుల పేర్లు వున్నాయి, పద్యాలు అచ్చులో వున్నాయి. ఆటకి మాత్రం మనకెప్పుడూ కాగితం గుర్తురాలేదు.

బండలాగుడు సంగతే చూడండి. సంక్రాంతికీ శివరాత్రి తిరునాళ్లకీ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో దీనికి వచ్చే జనం క్రికెట్ మ్యాచికి రారు. మోటు వ్యవహారమని మన కాలేజీ వాళ్లు కొందరు చులకనగా మాట్లాడతారు. దగ్గరకి వెళ్లి చూస్తే ఎంత లెక్క వుంది! ఎద్దుల పళ్లు చూసి వయసు కడతారు. పాలపళ్లవి వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు, ఆరు పళ్లవి వేరు. ఆ తరగతిని బట్టి బండ బరువు, ఇంత సమయంలో ఎన్ని అడుగులు లాగిందో టేపుతో కొలత. అమెచ్యూరు గోడ లేని పోటీ అది. అయితే దానిలో వేరే గోడలు వున్నాయి. ఆ జత ఎవరింటిదో మైకులో చెబుతారు, ఆ ఎడ్లని ఏడాది పొడుగునా మేపి తర్ఫీదు చేసిన జీతగాడి పేరు చెప్పరు. పెన్నైన్ కొండల గని కూలీలకి జరిగిందే ఇక్కడా జరుగుతోంది. మనం రాయడం మొదలుపెడితే, లన్ తండ్రి గారి క్లబ్బులా తలుపు దగ్గర బడి పేరు అడిగే రాత రాయకూడదని నా గట్టి అభిప్రాయం.

బిళ్లంగోడుకి లెక్క మాటలు ఊరికొక తీరు. తొక్కుడుబిళ్ల గళ్లు ఎన్ని, ఏ గడిలో కాలు ఆన్చవచ్చు అన్నది వీధివీధికీ మారుతుంది. ఏడుపెంకులాట, వామనగుంటలు, కోతికొమ్మచ్చి ఇవన్నీ మన అమ్మలకీ అమ్మమ్మలకీ నోటికి వచ్చు. వాటి కోసం లండన్ వెళ్లనక్కరలేదు. మన కాలేజీకి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే విద్యార్థులున్నారు. ఒక్కొక్కరు తమ ఊరి ఆట ఒకటి, దాని కొలతలు, తగవు వస్తే తీర్చే పద్ధతి, ఎవరిని ఆడనిచ్చేవారు, ఎవరిని ఆడనివ్వలేదు, ఇంత మాత్రం రెండు పేజీలు రాస్తే ఒక్క సంవత్సరంలో ఎంత పోగవుతుందో ఆలోచించండి. సావనీరులో ప్రముఖుల సందేశాలకీ, గ్రూపు ఫోటోలకీ పోయే కాగితంలో నాలుగో వంతు చాలు. ఫోటోలు వద్దనడం లేదు. మా మొహాలు కూడా ఏదో ఒక మూల పడాలని మాకూ వుంటుంది. వార్షిక క్రీడల ఫలితాలు ప్రచురించేటప్పుడు కూడా మొదటి మూడు పేర్లతో ఆపకుండా, పరుగెత్తిన ప్రతి విద్యార్థి పేరూ, కాలమూ వేయాలి. పదమూడోవాడిగా వచ్చిన కుర్రాడు వచ్చే ఏడు తన కాలం తనే చూసుకుంటాడు.

స్పోర్ట్స్ ఫండు కేటాయింపుల గురించి యూనియన్ వారితో వేరే మాట్లాడవలసినది వుంది. అది ఇక్కడ రాస్తే సంపాదకుల వారికి ఇబ్బంది. ప్రస్తుతానికి ఒక్క మనవి. వచ్చే సంచికకి బండలాగుడు మీద ఎవరైనా రాయదలిస్తే సంక్రాంతి సెలవుల్లో నోటుబుక్కు, టేపు పట్టుకుని తిరునాళ్లకి వెళ్లండి. ఎద్దు నోరు తెరిచి చూసి వయసు చెప్పగల పెద్దలు గాలరీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని వుంటారు. బాబాయ్ అని పలకరిస్తే చాలు, సాయంత్రం దాకా చెబుతారు. పగ్గం పట్టుకుని నిలబడ్డ మనిషిని కూడా తప్పకుండా పలకరించి పేరు అడగండి.